సంగటి హోటల్ తీసుకున్న అన్నలకు బహిరంగ లేఖ

చిత్తూరులో సంగటి హోటల్‌ను కొత్తగా తీసుకున్న అన్నలకు నమస్కారం.

ఈ మాటలు మొదట మీ కౌంటర్ దగ్గరే చెప్పాలని చూశాను. అక్కడున్న పిల్లవాడు మర్యాదగానే విన్నాడు. ఓనర్లు ఎప్పుడొస్తారో తెలియదన్నాడు, మీ ఫోన్ నంబర్ ఇచ్చే పర్మిషన్ తనకు లేదన్నాడు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఊళ్లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా మీ హోటల్ మాట వస్తోంది. కానీ ఆ మాటలు మీ దాకా రావు. సాయంత్రం గల్లా పెట్టె లెక్క చూసుకున్నప్పుడు గిరాకీ తగ్గిందని మీకు తెలుస్తుంది, ఎందుకు తగ్గిందో చెప్పేవాళ్లు ఉండరు. చిన్నప్పటి నుంచి అక్కడ తిన్నవాణ్ణి కాబట్టి నేను చెప్పదలచుకున్నాను.

పెద్దాయన హోటల్ అమ్మడం తప్పని నేను అనడం లేదు. ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. పిల్లలు బెంగళూరులో స్థిరపడ్డారు. పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేక అమ్ముకున్నాడు. మీరు కష్టపడి సంపాదించిన డబ్బు పెట్టి కొన్నారు. మీరు వచ్చాక జరిగిన మంచి కూడా చెప్పాలి. ఆడవాళ్లకు టాయిలెట్ కట్టించారు. ఇన్నేళ్లూ అది లేక ఎంతమంది ఇబ్బంది పడ్డారో నాకు తెలుసు. వంటింట్లో పొగ బయటికి పోయే దారి పెట్టారు. తాగే నీళ్లు బాగున్నాయి. బల్లలు శుభ్రంగా ఉంటున్నాయి. పాతదంతా గొప్పదని నేను అనను. పాత హోటల్లో కళ్లు మండి నీళ్లు కారుతుండగా తిన్న రోజులు మాకు గుర్తున్నాయి.

అయితే మీరు అన్నీ మార్చి, బోర్డు మీది పేరు మాత్రం అట్లాగే ఉంచారు. ఉంచడమే కాదు, ఇంకా పెద్ద అక్షరాలతో, రాత్రిపూట వెలిగే లైట్లతో రాయించారు. పాత పేరుకు గుడ్‌విల్ కింద ప్రత్యేకంగా డబ్బు కట్టారని కూడా విన్నాను. ఆ పేరుకు అంత విలువ ఎక్కడి నుంచి వచ్చిందో మీరు ఒక్కసారి ఆలోచించాలని నా కోరిక. పెద్దాయన ఎప్పుడూ పేపర్లో ప్రకటన ఇవ్వలేదు. ఆ పేరు చూసి లోపలికి వచ్చిన మనిషికి ఫలానా రకంగా చేసిన సంగటి, ఫలానా రకంగా కడిగిన బోటి ఆకు మీద పడుతుందని నమ్మకం. మీరు డబ్బు కట్టింది ఆ నమ్మకానికే. బోర్డు మీద పాత పేరు ఉన్నంత కాలం, ఆ పేరు చూసి లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరికీ మీరు మాట ఇస్తున్నట్టే.

బోటి విషయం కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ హోటల్‌కు పేరు తెచ్చింది అదే. తలకాయ కూర, కార్జం వేపుడు, నాటుకోడి పులుసు మన ఊళ్లో ఇంకో నాలుగు చోట్ల దొరుకుతాయి. బోటి బాగా చేసే చోటు మాత్రం అదొక్కటే ఉండేది. బోటి వండటం పెద్ద పని కాదు, కడగడమే పని. వంటవాడు ఎంత గొప్పవాడైనా కడగడం సరిగా లేకపోతే మసాలా ఎంత వేసినా ఆ వాసన పోదు. తెల్లవారకముందే కోసిన మేక బోటి, తెల్లవారేసరికి హోటల్ పెరట్లో ఉండేది. కోసిన కొన్ని గంటల్లోపే లోపలి పేడ తీసేసి కడగాలి, ఆలస్యమైతే వాసన ముక్కలోకి దిగుతుంది. పేగుల్ని సన్నటి పుల్లతో లోపలిది బయటికి తిప్పి పారే నీళ్లలో కడిగేవాళ్లు. పొట్టను వేడినీళ్లలో ముంచి, సున్నం పట్టించి, కత్తి అంచుతో నల్లటి పొర గీకేవాళ్లు. ఆ నీళ్ల వేడి చేతికి తెలియాలి. తక్కువైతే పొర ఊడదు. మరీ ఎక్కువైతే పొర ముక్కకు పట్టుకుని ఇంక ఎంత గీకినా రాదు. తర్వాత కల్లుప్పు, పసుపు వేసి రుద్ది, నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ కడిగి, పసుపు నీళ్లలో ఒక ఉడుకు రానిచ్చి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు కోసేవాళ్లు.

ఈ పని చేసింది ఒక అవ్వ, ఆమెతోపాటు ఇంకో ఇద్దరు ఆడవాళ్లు. గిరాకీకి వాళ్లు ఎప్పుడూ కనిపించేవాళ్లు కాదు. మనం లోపల కూర్చుని తినే సమయానికి వాళ్ల పని అయిపోయి, పెరడు కడిగేసి, ఇళ్లకు పోయి ఉండేవాళ్లు. హోటల్ మీ చేతికి వచ్చిన కొత్తలోనే వాళ్లను మానిపించారు. పెరడు పార్కింగ్‌కు కావాల్సి వచ్చిందని చెప్పారట. ఇప్పుడు బోటి కడిగి, కోసి, ప్యాకెట్లలో పెట్టింది బయటి నుంచి వస్తోంది, ఫ్రీజర్లో ఉంటోంది. ఎవరు కడిగారో, ఏ రోజు కోసిన మేకదో మీకూ తెలియదు. ముక్క రబ్బరులా సాగుతోంది. వాసన తెలియకుండా గరం మసాలా దట్టిస్తున్నారు. నా పక్కన కూర్చున్న ఒక పెద్దమనిషి రెండు ముక్కలు తిని ఆకు మడిచేశాడు. ఏమీ అనలేదు, డబ్బు కట్టి వెళ్లిపోయాడు. ఆయన్ని మళ్లీ అక్కడ చూడలేదు.

ఈ మధ్య బోటి అడిగితే చాలాసార్లు లేదంటున్నారు. దాని బదులు చికెన్ సాసేజ్ వేపుడు తీసుకోమంటున్నారు. సాసేజ్ మీద నాకు కోపం లేదు. పిల్లలు ఇష్టపడతారు, అమ్ముకోండి. కానీ ఒక సంగతి చెప్పాలి. సాసేజ్ పుట్టిన దేశాల్లో మాంసాన్ని కైమా కొట్టి, ఉప్పూ మసాలా కలిపి, బాగా కడిగిన గొర్రె పేగుల్లోనో పంది పేగుల్లోనో కూరి చేసేవాళ్లు. ఇప్పటికీ మంచిదంటే అట్లా చేసినదే అంటారు. అంటే అక్కడ కూడా అసలు పని పేగు కడగడమే. అక్కడి చిన్న ఊళ్లలో ఆ పని తెలిసిన కొట్టుకు జనం తరాల తరబడి పోతారు, కొట్టు చేతులు మారితే మనలాగే కంగారు పడతారు. మీరు పెడుతున్నది ఫ్యాక్టరీ ప్యాకెట్ విప్పి, నూనెలో వేసి, సాస్ కలిపినది. అది దేశంలో ఏ ఊళ్లోనైనా ఒకే రుచి. దాని కోసం చిత్తూరులో, ఆ పేరున్న హోటల్‌కు ఎవరైనా ఎందుకు రావాలి?

ఇక సంగటి. చూడటానికి పిండి, నీళ్లు, అంతే. అందుకే దాని మీద మీకు శ్రద్ధ తగ్గిందేమో అనిపిస్తోంది. నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి మధ్యలో కుప్పగా పోసి, తెడ్డుతో పొడిచి, మూత పెట్టి, సన్నటి సెగ మీద పిండిని లోపల మగ్గనివ్వాలి. ఆ మగ్గే కాలంలో తొందరపడితే పచ్చి వాసన వస్తుంది. తర్వాత ఉండ కట్టకుండా కెలకాలి. పాత వంట మాస్టర్ కెలుకుతుంటే ఇద్దరు మనుషులు గుండిగను కదలకుండా పట్టుకునేవాళ్లు. మధ్యాహ్నం ఒక్కపూటలోనే రెండుమూడు గుండిగలు విడివిడిగా కెలికేవాళ్లు, ఒకేసారి పెద్దది చేసి ఉంచేవాళ్లు కాదు. సంగటి దింపిన గంటలోపే తినాలి కాబట్టి. వేడిగా ఉంటే కూరలో ముంచి నోట్లో వేసుకుంటే నమలకుండానే దిగిపోతుంది. ఆరితే పైన పొర కడుతుంది, లోపల గట్టిపడుతుంది. ఇప్పుడు పొద్దున పది గంటలకే అన్ని ముద్దలూ కట్టి హాట్‌కేసుల్లో పెడుతున్నారని మీ పనివాళ్లే చెప్పారు. రెండు గంటలకు వచ్చినవాడికి దొరికేది నాలుగు గంటల కిందటి ముద్ద. దాన్ని ముంచుకుని తినలేక స్పూన్ అడుగుతున్నారు. సంగటికి స్పూన్ అడిగే రోజు వచ్చిందంటే మాస్టర్ లోటు ఎంతో తెలుస్తుంది.

పిండి కూడా మారింది. పెద్దాయన పలమనేరు వైపు రైతుల దగ్గర రాగులు కొని, పక్క వీధి మిల్లులో మరీ మెత్తగా కాకుండా పట్టించేవాడు. రాగిలో మేలు చాలావరకు పైపొట్టుతో కలిసి ఉంటుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది, మరే తిండిగింజలోనూ అంత లేదు. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది పెద్ద పెద్ద హోటళ్లు చాలా మెనూలో రాగి పేరు చేర్చుకున్నాయి. మన ఊరి హోటల్‌లో అది ఎప్పటి నుంచో మామూలు కూలివాడి మధ్యాహ్నం భోజనం. అటువంటి చోట జల్లించి తెల్లబరిచిన ప్యాకెట్ పిండి వాడటం చూస్తే కడుపు తరుక్కుపోతోంది.

కూరల గురించి ఎక్కువ చెప్పను. చిత్తూరు 1911లో సొంత జిల్లా కాకముందు ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. ఒకవైపు తమిళం, ఒకవైపు కన్నడం, మధ్యలో మనం. మన పులుసులో వేయించిన టెంకాయ, పట్ట, మిరియాలు, ధనియాలు కలిసి ఉంటాయి. అది నెల్లూరు రుచీ కాదు, కర్నూలు రుచీ కాదు. చెనిక్కాయ (వేరుశనగ) నూనె దానికి ప్రాణం. ఈ జిల్లా ఎర్రనేలల్లో వానను నమ్ముకుని చెనిక్కాయ వేసిన రైతుల పిల్లలమే మనలో చాలామందిమి. ఇప్పుడు మీ కూర చల్లారితే గిన్నె అంచున తెల్లగా గడ్డకడుతోంది. చెనిక్కాయ నూనె అట్లా గడ్డకట్టదని ఇక్కడ ఏ ఇల్లాలినడిగినా చెప్తుంది. ధర ఎక్కువని నూనె మారిస్తే, ఆ సంగతి బోర్డు మీద రాయండి. వేపుళ్లకు ఒకే నూనెను రోజుల తరబడి కాస్తున్నారని కూడా వింటున్నాను. నూనెను మళ్లీ మళ్లీ కాస్తే అందులో పెరిగే చెడు పదార్థాలు, అంటే టోటల్ పోలార్ కాంపౌండ్స్, 25 శాతం దాటితే వాడకూడదని 2018 జూలై నుంచి దేశమంతటా నిబంధన ఉంది. మీకు తెలియనిది కాదు.

ఎర్ర రంగు మాట కూడా చెప్పి ఊరుకుంటాను. పాత హోటల్లో వేపుడుకు ఎరుపు ఎండుమిరపకాయ నుంచి వచ్చేది. ఇప్పుడు తిన్న వేళ్లకు సాయంత్రం దాకా రంగు పోవడం లేదు. పక్కనున్న కర్ణాటక ప్రభుత్వం 2024 జూన్‌లో కబాబ్‌లలో కృత్రిమ రంగులు వాడకూడదని నిషేధం పెట్టింది. మన హోటల్ నుంచి ఆ రాష్ట్రం సరిహద్దు గంటన్నర ప్రయాణం. అక్కడి పిల్లల ఆరోగ్యానికి చెడ్డదైనది ఇక్కడి పిల్లలకు మంచిదెట్లా అవుతుంది? దయచేసి ఆ రంగు డబ్బా తీసేయండి.

ఇంతకన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి ఉంది. అక్కడ ఎవరు తినేవాళ్లు అన్నది.

చెన్నై, బెంగళూరు మధ్య పాత నేషనల్ హైవే 4 మన ఊరి మీదుగానే పోయేది. లారీ డ్రైవర్లు రాణిపేట దాటి, పలమనేరు ఘాట్ ఎక్కేముందు ఇక్కడ ఆగి సంగటి తినేవాళ్లు. కోర్టు వాయిదాలకు కుప్పం నుంచి, పలమనేరు నుంచి తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చేవాళ్లు, కేసు పిలుస్తారో లేదో తెలియక టెన్షన్‌తో కూర్చుని, మధ్యాహ్నం బ్రేక్‌లో పరుగున వచ్చి ఒక ముద్ద తిని పోయేవాళ్లు. జూన్, జూలైల్లో తోతాపురి మామిడి ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు రాత్రింబగళ్లు లైన్లో నిలబడతాయి. ఆ రైతులు ఒకరి బండికి ఒకరు కాపలా ఉండి, వంతుల వారీగా వచ్చి తినేవాళ్లు. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయే కుటుంబాలు మన ఊళ్లో దిగి బస్సు మారేవి. పేషంటుకు అన్నం, చారు పెట్టించి, తాము మాత్రం ఒక సంగటి ముద్దను ఇద్దరు పంచుకుని తినేవాళ్లు. పెద్దాయన అది చూసి రెండో ఆకు వేసి ఇంకో సగం ముద్ద పెట్టేవాడు, లెక్కలో రాసేవాడు కాదు.

వీళ్ల కోసం ఆ హోటల్లో ఒక చిన్న భోజనం ఉండేది. సంగటి ముద్ద, ఊరిబిండి అనే చెనిక్కాయ పచ్చడి, పచ్చిపులుసు. మాంసం తినే స్తోమత లేనివాడు అది తినేవాడు. అడిగితే బోటి పులుసు ఒక గరిటె ఊరికే పోసేవాళ్లు, ముక్కలు లేకుండా. మీరు ఆ చిన్న భోజనం తీసేశారు. ఇప్పుడు అన్నీ కాంబోలే. సంగటి విడిగా అడిగితే లేదంటున్నారు. మెనూ చూడాలంటే బల్ల మీది క్యూఆర్ కోడ్‌కు ఫోన్ చూపించాలి. బటన్ ఫోన్ ఉన్న రైతు లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, ఎవరూ పలకకపోతే లేచిపోవడం నేను చూశాను. నా కొట్టు కోర్టు ఎదురుగానే కాబట్టి జిరాక్స్‌కు వచ్చే పల్లె జనం నన్నే అడుగుతారు, అన్నం ఎక్కడ తినాలి అని. ఇంతకుముందు ఆలోచించకుండా మీ హోటల్ వైపు చెయ్యి చూపించేవాణ్ణి. ఇప్పుడు చూపించలేకపోతున్నాను. నాకు అన్నిటికన్నా కష్టంగా ఉన్నది అదే.

బిల్లులో సర్వీస్ చార్జ్ అని ఒక లైను చేర్చారు. అడగకుండా బిల్లులో సర్వీస్ చార్జ్ వేయకూడదని సెంట్రల్ కన్జ్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ 2022 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. మీ దగ్గర పని చేసే పిల్లలకు ఇవ్వదలచుకుంటే జీతంలో పెంచండి. గిరాకీ ఇష్టపడి ఇచ్చేది వాళ్ల చేతికే ఇస్తాడు.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. నేనూ చిన్న కొట్టు నడిపేవాణ్ణి. మటన్ కిలో 800 దాటింది. బ్యాంకు ఈఎంఐ నెల తిరిగేసరికి తలుపు తడుతుంది. మంచి మాస్టర్లు బెంగళూరు పోతున్నారు, అక్కడ జీతం ఎక్కువ. డెలివరీ యాప్‌లు కమీషన్ పట్టుకుంటాయి, అందులో పంపాలంటే డబ్బాలో పట్టేదే వండాలి, వేడి సంగటి డబ్బాలో పంపలేరు. అందుకే ఫ్రైడ్ రైసు, నూడుల్స్, సాసేజ్‌ల వైపు మళ్లారు. అది నాకు అర్థమవుతుంది. కానీ ధర పెంచితే మేము తినమని మీకు ఎవరు చెప్పారు? పెద్దాయన కూడా పెంచేవాడు. పలక మీద సుద్దతో రాసి గుమ్మం దగ్గర పెట్టేవాడు, ఫలానా తారీకు నుంచి బోటికి ఇంత అని. ఎవరూ గొడవ చేసేవాళ్లు కాదు. బోటి ప్లేటుకు ఇంకో ముప్పై రూపాయలు వేయండి, ఇస్తాం. నాటుకోడికి ఇంకో యాభై వేయండి. నాటుకోడి చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది, బ్రాయిలర్ నెలన్నరలోపే అవుతుంది, ఆ తేడాకు డబ్బు కట్టాలని మాకు తెలుసు. ధర పెంచి సరుకు నిలబెట్టండి. ధర అట్లాగే ఉంచి సరుకు దించితే, దించిన సంగతి మా నాలుకకు ముందే తెలిసిపోతుంది.

తమిళ పంచాంగపు పెరటాసి నెల గురించి కూడా చెప్పాలి, మీలో ఒకరిది వేరే జిల్లా అని విన్నాను కాబట్టి. ఇక్కడ సెప్టెంబర్ సగం నుంచి అక్టోబర్ సగం దాకా సగం ఊరు మాంసం ముట్టదు. శనివారాలు పెరుమాళ్లకు పూజలు చేసుకుంటాం. ఆ నెలంతా పెద్దాయన మాంసం పొయ్యి ఆర్పేసేవాడు. సంగటిలోకి చింతాకు పప్పు, పులగూర, వంకాయ పులుసు చేసేవాడు. ఆ నెలలో కూడా హోటల్ నిండేది, మాంసం ఎప్పుడూ తినని ఇళ్లవాళ్లు కూడా ఆ నెలలో వచ్చేవాళ్లు. మీరు పోయిన పెరటాసిలో బిరియానీ ఆఫర్ అని బయట బ్యానర్ కట్టారు. తినేవాళ్ల ఇష్టం, అమ్మేవాళ్ల ఇష్టం, దాన్ని నేను తప్పు పట్టను. ఆ చింతాకు పప్పు పోయినందుకే బాధ. ఆ నెల మీకు నష్టం అనుకుని ఉంటారు. పాత లెక్క పుస్తకాలు పెద్దాయన దగ్గర ఉంటే అడిగి చూడండి. మే నెలలో నడివీధి గంగమ్మ జాతరకు గుమ్మం ముందు కుండలు పెట్టి వచ్చినవాళ్లందరికీ అంబలి పోసేవాళ్లు కూడా. ఈసారి ఆ కుండలు లేవు. రాగిపిండి, మజ్జిగ, ఎర్రగడ్డలు, ఉప్పు. పెద్ద ఖర్చేమీ కాదు.

మీరు ఆ హోటల్‌ను పాతదానిలా నడపాలనే నేను పట్టుబట్టడం లేదు. మీ డబ్బు, మీ కష్టం. ఫ్రైడ్ రైసు, సాసేజ్, ఎర్ర చికెన్ అమ్మే హోటల్ నడపాలంటే నడపండి. అప్పుడు ఆ పాత పేరు దింపి మీ సొంత పేరు పెట్టుకోండి. మీ పేరుతో మీరు మంచి హోటల్ నడిపితే మేమూ వస్తాం, మా పిల్లల్ని తీసుకొస్తాం. పాత పేరు చూసి వేలూరు బస్సు దిగినవాడు, వాయిదాకు వచ్చినవాడు మోసపోకుండా ఉంటాడు. పేరు ఉంచుకుంటే ఆ పేరుతో వచ్చిన పని కూడా ఉంచుకోవాలి. నేను అడిగేది ఇంతే.

ఉంచుకోవాలని మీకు అనిపిస్తే, దారి కష్టం కాదు. కడిగిన బోటి కావాలి, పూటకు రెండు మూడుసార్లు కెలికిన సంగటి కావాలి, ఆ చిన్న భోజనం తిరిగి రావాలి. మిగతావి మీకు వీలైనప్పుడు చూసుకోవచ్చు. ఆ మూడింటికీ మనుషులు కావాలి, ఆ మనుషులు ఇంకా ఊళ్లోనే ఉన్నారు. పాత మాస్టర్ ఒక పెళ్లి వంటల గుంపుతో తిరుగుతున్నాడు, ముహూర్తాలు లేని నెలల్లో ఖాళీగా ఉంటాడు. అవ్వ ఇప్పుడు కట్టమంచి వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో మెట్లు తుడుస్తోంది. పోయిన వారం నేనే పోయి కలిశాను. మీ మీద కోపంగా ఏమీ లేదు. వస్తావా అని అడిగితే, పెరట్లో నీళ్ల తొట్టి, కట్టెల పొయ్యి పెట్టే చోటు వదిలితే వస్తానంది. కూలి వారానికి ఒకసారి కాకుండా ఏ రోజుది ఆ రోజే ఇవ్వాలంది. తనతో చేసిన ఇద్దర్నీ కూడా తీసుకోవాలంది, ఒంటి చేత్తో ఇప్పుడు అంత పని చేయలేనంది. ఆమెకు వయసు మీద పడింది. ఆ వేడినీళ్ల లెక్క ఇంకొకరికి నేర్పడానికి కూడా ఇప్పుడే వీలుంది.

పార్కింగ్‌లో రెండు బండ్ల చోటు పోతుంది, అంతే. నా కొట్టు పొద్దున 9 నుంచి తెరిచే ఉంటుంది, మీ హోటల్‌లో ఎవరినడిగినా చూపిస్తారు. మీరు రమ్మంటే అవ్వను, ఆ ఇద్దర్నీ, మాస్టర్‌నూ నేనే వెంటబెట్టుకుని వస్తాను. ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

ఇట్లు,
కోర్టు ఎదురుగా జిరాక్స్ కొట్టు నడిపే మీ పాత గిరాకీ,
చిత్తూరు